నా కాళ్ళు నాటకమాడలేదు

నా కాళ్ళు పడిపోయిన వారంలో ముగ్గురు మనుషులు నేను నటిస్తున్నానన్నారు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. ఏమన్నారో మాత్రం రాస్తాను. ఇప్పుడు నడుస్తున్నాను. చేతికర్ర కూడా గడప దాటినప్పుడే వాడుతున్నాను. ప్రాణభయం లేదని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గాక రాద్దామనుకున్నాను కానీ, అది తగ్గేదాకా ఆగితే అసలు రాయనేమోనని ఈ రోజు కూర్చున్నాను.

నా పేరు మిర్యాము. మాది గుంటూరు జిల్లా. ఆరేళ్ళుగా ఒమన్‌లో, మబేలాలోని ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. ఊళ్ళో మా అమ్మ సారమ్మ, నా భర్త, పన్నెండేళ్ళ కూతురు ఉన్నారు.

మా పుట్టింటివాళ్ళు యూదులు. ఈ మాట చెబితే తెలుగువాళ్ళు కూడా నా ముఖం వంక రెండోసారి చూస్తారు. మాదిగ పల్లెలో కొద్ది గడపలం మేము. ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకదాని నుంచి వచ్చామని మా తాతలు చెప్పుకునేవారు. నా చిన్నతనంలో అందరూ కలిసి చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. శుక్రవారం పొద్దు వాలేటప్పుడు దీపాలు వెలిగించి, శనివారం పని మానేసి బతకడం అక్కడే నేర్చుకున్నాను. నన్ను ఇచ్చింది మాత్రం చర్చికి వెళ్ళే ఇంటికి. పెళ్ళిలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరాలన్నీ తర్వాత వచ్చాయి.

మబేలాలో నాకు దొరికిన మా సమాజమల్లా ఇద్దరు మనుషులు. ఎస్తేరక్క మా పక్క ఊరామె. రెండు వీధుల అవతల ఇంట్లో వంట చేస్తుంది, ఆ ఇంటి వెనక ఆమెకొక గది ఉంది. శామ్యూలన్న ఘాలాలో ఏసీలు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడు. శుక్రవారం నాకు సాయంత్రం మూడు గంటలు సెలవు. ఆ మూడు గంటలూ ఎస్తేరక్క గదిలోనే. మేడ మీద నీళ్ళ ట్యాంకుల వెనక పొద్దు వాలుతుండగా అక్క రెండు కొవ్వొత్తులు వెలిగించేది. ద్రాక్షరసానికి బదులు ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళు, బేకరీ రొట్టెలు రెండు. అన్న ప్రార్థన చదివేవాడు. నాలుగో మనిషి నర్సింలు. జగిత్యాల వైపు అబ్బాయి, హిందువు, సైట్‌లలో పరంజా కట్టే పని. అన్నకు రూమ్‌మేట్. ప్రార్థన అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుని, తర్వాత మాతో అన్నం తినేవాడు.

పది మంది మగవాళ్ళు లేనిదే మా ప్రార్థనలు కొన్ని చేయకూడదు. ఒకసారి ఆ మాట విని నర్సింలు, "అన్నా, ఎప్పుడన్న తొమ్మిదిమంది దొరికితే చెప్పు. నన్ను గూడ లెక్కవెట్టుకో, ఆ పూట కూసుంట," అన్నాడు.

ఎవరైనా అడిగితే ప్రార్థన కూటమని చెప్పేవాళ్ళం. ఏ మతమో చెప్పేవాళ్ళం కాదు. నేను పనిచేసే ఇంటి హాల్లో టీవీ పొద్దస్తమానం ఇశ్రాయేలు యుద్ధం వార్తలు చూపించేది. శిథిలాల కింద నుంచి తీసిన పిల్లల్ని చూసి ఇంటి పెద్దావిడ ఏడిస్తే, పక్కన ఆమె కాళ్ళు పడుతూ నేనూ ఏడ్చేదాన్ని. ఆ ఏడుపు నిజం. కానీ ఆ ఇంట్లో నేనెవరో చెప్పే ధైర్యం ఎక్కడ నుంచి వస్తుంది?

*అక్టోబరు*

మొదట నాలుగు రోజులు విరేచనాలు. అవి తగ్గాయి. తర్వాత వారానికి అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. చలువరాయి మీద నడుస్తుంటే ఇసుక మీద నడుస్తున్నట్టుండేది. మర్నాటికి మోకాళ్ళకు పాకింది. మెట్లెక్కుతూ బట్టల బుట్టతో సహా పడ్డాను.

మేడమ్, అంటే ఇంటి యజమానురాలు, బడిలో టీచరు. చెడ్డ మనిషని అనను, ఆరేళ్ళలో నా మీద చెయ్యెత్తలేదు. కానీ ఆ రోజు పడిపోయిన నన్ను చూసి, వాళ్ళ భాషలో పిల్లలకు చెప్పింది: "ఇదంతా డ్రామా. సెలవు కావాలి ఆమెకు." ఆరేళ్ళకు అంత అరబ్బీ నాకు రాదనుకుంది కాబోలు.

రెండో వ్యక్తి క్లినిక్ డాక్టరు. మన దేశంవాడే. నా కాళ్ళను ముట్టుకోలేదు. "ఇంటి మీద బెంగ. ఈ ఆడవాళ్ళందరికీ ఉండేదే," అని మేడమ్‌తో ఇంగ్లీషులో అని, బలం మాత్రలు రాశాడు. మూడో వ్యక్తి నన్ను ఇక్కడికి పంపిన ఏజెంటు. ఫోన్‌లో నా మాట సగంలో తుంచేశాడు. "అమ్మా, ఇట్టాంటి నాటకాలు నేను రోజుకు పది చూస్తా. లేచి పని చేసుకో. లేకపోతే నీ పేరు చెడుద్ది," అన్నాడు.

అప్పుడు నాకు జరిగిన అసలు అన్యాయం ఏమిటో చెప్పనా? వాళ్ళు ముగ్గురూ అనేసరికి నాకే అనుమానమొచ్చింది. నేను నిజంగానే నటిస్తున్నానా అని. మంచం అంచున కూర్చుని నా కాళ్ళను నేను గిచ్చుకున్నాను. లేవమని బతిమాలాను, తిట్టాను. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండేది దానికే. నా ఒళ్ళు చెప్పేది నేనే నమ్మకుండా చేశారు.

శుక్రవారం వచ్చింది. నేను గేటు దాకా కూడా వెళ్ళలేకపోయాను. దీపాల వేళకు నేను రాలేదని ఎస్తేరక్క కొవ్వొత్తులు వెలిగించకుండానే చెప్పులేసుకుని వచ్చేసింది. పనిమనిషి గదిలో నన్ను చూసి, "లెగు," అంది.

"లెగలేనక్కా."

"చెయ్యివ్వు."

చెయ్యి ఇవ్వబోతే అది కూడా పూర్తిగా పైకి రాలేదు. అక్క ముఖం మారిపోయింది. నేరుగా హాల్లోకి వెళ్ళింది. ఆమె అక్కడ తెలుగూ, హిందీ, అరబ్బీ కలిపి వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మేడమ్, యే మర్ జాయేగా! చూడండమ్మా వచ్చి! ముస్తష్ఫా, ముస్తష్ఫా!" చచ్చిపోతుందని హిందీలో. ముస్తష్ఫా అంటే ఆసుపత్రి.

మేడమ్ ఏదో చెప్పబోయింది. ఇంటి పెద్దావిడ, మేడమ్ అత్తగారు, కీళ్ళనొప్పులతో సోఫా దిగలేని మనిషి, గోడ పట్టుకుని నా గది దాకా నడిచొచ్చింది. నా పాదం తన ఒళ్ళోకి తీసుకుని బొటనవేలు వంచి చూసింది. కొడుకును పిలిచింది. "బండి తియ్యి," అంది. అంతే.

ఆ కొడుకే నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని బండిలో పడుకోబెట్టాడు. అక్క నా తల ఒళ్ళో పెట్టుకుంది. పెద్ద సర్కారు ఆసుపత్రికి చేరేసరికి నాకు గుటక దిగడం లేదు.

*నవంబరు*

దానికేదో పెద్ద పేరుంది. డాక్టరమ్మ హిందీలో విడమరిచి చెప్పింది: ఒంట్లో రోగాల మీద పోరాడే శక్తే పొరపాటున మన నరాల మీద తిరగబడుతుందట. కాళ్ళతో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి దాకా వస్తే ప్రమాదం. "రెండు రోజులు ముందొచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో," అంది. ఆ రెండు రోజులూ నేను బలం మాత్రలు మింగుతూ కూర్చున్నాను. ఇది చదివేవాళ్ళు దయచేసి ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. కాళ్ళలో తిమ్మిరి మొదలై రోజురోజుకూ పైకి పాకుతుంటే ఎవరి అనుమతి కోసమూ ఆగకండి. ఎవరు నవ్వినా సరే, అరవండి.

గొంతులో గొట్టం వేశారు. పదమూడు రోజులు నేను మాట్లాడలేదు. కళ్ళు కదిలేవి, చెవులు వినేవి, మిగతాదంతా బరువు. భయం ఎలా ఉంటుందంటే, ముక్కు మీద ఈగ వాలితే తోలలేకపోవడం. అది ఎగిరిపోయేదాకా దాన్నే చూస్తూ, నా కూతురి పేరు మనసులో మళ్ళీ మళ్ళీ అనుకోవడం.

చేర్చేటప్పుడు కాగితంలో మతం అని ఒక గడి ఉందట. ఎస్తేరక్క హిందూ అని రాయించింది. తర్వాత ఆమే చెప్పింది, ఏడుస్తూ. "భయమేసిందే మిర్యం. ఆ టైములో ఏదన్నా తేడా చేస్తారేమోనని. నువ్వు చచ్చిపోతే మనాచారంగా పూడ్చకుండా ఆ పేరు మీదే తగలేత్తారేమో కదా అని కూడా అనిపించింది. అయినా రాయించా." అక్క మీద నాకు కోపం రాలేదు. ప్రాణం పోతున్న మనిషి పక్కన నిలబడి కూడా అబద్ధం ఆలోచించుకోవలసి వచ్చిందే, దాని మీద వచ్చింది.

ఐసీయూలోకి ఒకసారికి ఒక్కరినే రానిచ్చేవారు. బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు. అక్క ఆదివారం, మంగళవారం తన వంట ముగించుకుని వచ్చేది. అన్న, నర్సింలు శుక్రవారం వచ్చేవారు. లోపలికి అన్న వస్తే నర్సింలు అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపేవాడు. నేను ఊపలేనని తెలుసు, అయినా ఊపేవాడు. ఆ కుర్చీల దగ్గర పరిచయమైన ఒక బలూచీ ముసలాయన వీళ్ళకు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఖర్జూరాలు పెట్టేవాడట. ఆయన భార్య లోపల నా పక్క మంచం. మూడో వారం ఆయన రాలేదు, పక్క మంచం ఖాళీ.

మా ఆయన ఫోన్ చేశాడు. అక్క ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. ఏడుస్తున్నాడు, అది నిజమే. ఏడుస్తూనే అన్నాడు: "నేను ముందే చెప్పా గందా. ప్రభువును వదిలేసి మీ వాళ్ళ ఆచారాలు పట్టుకున్నావ్. ఇది దేవుడు కొట్టిన దెబ్బ. ఒప్పుకో మిర్యం. ఒప్పుకుంటే సంఘమంతా ఉపవాసం ఉంటారంట." జవాబు చెప్పడానికి నాకు గొంతు లేదు. ఎస్తేరక్క ఫోన్ లాక్కుంది. "తమ్ముడూ, పెళ్ళానికి ఊపిరాడకపోతే ముందు ఊపిరి కోసం ఏడవాల. లెక్చర్ తర్వాత," అని పెట్టేసింది.

రెండు రోజులకు, ఆయన చెప్పగా, రువీ వైపు చర్చి నుంచి ఒకామె వచ్చింది. తెలుగామె. మంచిగా మాట్లాడింది, నుదురు తుడిచింది, జుట్టు దువ్వింది. ఆ దువ్వినందుకు ఇప్పటికీ కృతజ్ఞత ఉంది. అప్పటికి నా తలలో చిక్కులు పడి మంట పుడుతుండేది. తర్వాత చెవి దగ్గరకు వంగి, "నమ్ముతున్నానని ఒక్కసారి కళ్ళు మూయి చెల్లీ, చాలు," అంది. నేను కళ్ళు మూయలేదు. ఎంతసేపని తెరిచి ఉంచగలను? నీళ్ళు కారాయి. అవి పశ్చాత్తాపమనుకుని ఆమె సంతోషంగా వెళ్ళిపోయింది. కాళ్ళూ చేతులూ, గొంతూ లేని మనిషి దగ్గర ఒప్పుకోలు వసూలు చేయడం ఏ దేవుడికి ఇష్టం? నా దేవుడే అయినా నేను ఒప్పుకోను.

మా పల్లె మందిరంలో ప్రతి శనివారం రోగుల కోసం ప్రార్థన చేస్తారు. రోగి పేరుకు తల్లి పేరు కలిపి చదువుతారు. మా పెద్దాయన అది చదువుతుంటే ఎవరో రికార్డు చేసి పంపారు. "సారమ్మ కూతురు మిర్యాము," అన్నాడాయన. వెనక ముసలివాళ్ళ దగ్గులు, ఒక పసిబిడ్డ ఏడుపు, ఫ్యాను చప్పుడు, అందరూ కలిసి ఆమెన్. అన్న అది నా చెవి దగ్గర పెట్టి మూడుసార్లు వినిపించాడు.

వింటూ నాకొకటి గుర్తొచ్చింది. నా పెళ్ళికి ముందు ఒకసారి విదేశాల నుంచి కొందరు వచ్చి మా పల్లెలో కూర్చుని నోటుబుక్కులు తెరిచారు. మీరు యూదులని ఏమిటి ఆధారం అని మా తాతను అడిగారు. ఊరివాళ్ళు మమ్మల్ని మాదిగోళ్ళని దూరం పెట్టారు, చర్చివాళ్ళు దారి తప్పారన్నారు, వీళ్ళేమో రుజువు అడిగారు. తాత పాపం తనకు తెలిసిన పాటలన్నీ పాడి వినిపించాడు. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు. ఏం తేల్చారో ఎవరూ చెప్పలేదు. ఆ ఆసుపత్రి వరండాలో మూడు వారాలు ఎస్తేరక్క కూర్చున్న కుర్చీని, ఇదే మా ఆధారమని వాళ్ళకు చూపించాలనిపించింది.

మా పెద్దాయన ప్రార్థనను అన్న హీబ్రూ అక్షరాల్లో కాగితం మీద రాసి నా దిండు కింద పెట్టాడు. ఒక పొద్దున పక్క మారుస్తుంటే అది ఒమనీ నర్సు చేతిలో పడింది. విప్పి చూసింది. ఆ అక్షరాలు ఆమె టీవీలో చూసే ఉంటుంది. నా గుండె కొట్టుకోవడం మంచం పక్క మిషన్ మీద కనిపించింది, మిషన్ కూతలు కూసింది. నర్సు మిషన్ను చూసింది, నన్ను చూసింది. కాగితం చూపిస్తూ, "దుఆ?" అంది. ప్రార్థనా అని. నేను రెప్ప వేశాను. ఆమె మడత పోకుండా దాన్ని మళ్ళీ మడిచి, దిండు గలీబు లోపలికి, ఇంకెవరికీ కనిపించనంత లోతుకు తోసింది. మిషన్ కూతలు ఆపి, "ఖలాస్, ఖలాస్," అయిపోయిందిలే అని చెంప తట్టింది. ఆమె పేరు నాకు తెలుసు. ఆమె మంచి కోసమే రాయడం లేదు.

*డిసెంబరు నుంచి ఫిబ్రవరి*

గొట్టం అప్పటికే తీసేశారు. మాట వచ్చింది, చేతులు వచ్చాయి, కాళ్ళు రాలేదు. నెలల్లో వస్తాయన్నారు. ఆసుపత్రి నుంచి ఎక్కడికి పంపాలన్నది ప్రశ్న. నడవలేని పనిమనిషి ఇంట్లో ఎందుకని మేడమ్ అంది. చక్రాల కుర్చీలో ఎక్కించి ఇంటికి పంపేద్దామని ఏజెంటు అన్నాడు. ఫోన్‌లో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు, నేను పక్కనే ఉన్నాను. విమానం దిగాక ఎవరు ఎత్తుకుంటారని ఒక్కరూ అడగలేదు.

"నా గదిలో ఉంటది," అంది ఎస్తేరక్క.

"నీ గదిలో మంచం ఒక్కటే," అన్నాను.

"నాకు నేల అలవాటే."

అక్క యజమానులు రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. నా పనికార్డు రద్దు చేయొద్దని పెద్దావిడ కొడుకుతో పట్టుబట్టిందని తర్వాత తెలిసింది. ఆమె లేకపోతే ఆ నెలల్లోనే నన్ను పంపేసేవారు.

ఫిజియో ఆమె నడక నేర్పడానికి రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు కావాలంది. ఆ శుక్రవారం నర్సింలు పరంజా పైపులు, బిగించే క్లాంపులు గోనెసంచిలో మోసుకొచ్చాడు. సూపర్‌వైజరును అడిగి తెచ్చానని ముందే చెప్పాడు. అక్క గది వెనక సందులో, బట్టలారేసే చోట, అన్నా అతనూ రెండు గంటలు బిగించారు. నా నడుము ఎత్తు కొలిచి, చెయ్యి జారకుండా పైపులకు పాత తువ్వాలు చుట్టాడు నర్సింలు. ఊపి చూసి, "పదంతస్తుల పరంజా గిట్లనే కడ్తం. ఏం గాదు. లేవుండ్రి అక్కా," అన్నాడు.

మొదటి రోజు మూడు అడుగులు. మూడో అడుగుకు పడ్డాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ జాలిపడలేదు. అన్న లేపి నిలబెట్టాడు. "సరే. పొద్దు వాలుతోంది, ప్రార్థన మొదలెడదాం," అన్నాడు. ఆ రోజు నుంచి నర్సింలు మెట్ల మీద కూర్చోవడం మానేసి లోపలే, తలుపు దగ్గర కూర్చున్నాడు.

ఈ నెలల్లో అక్కతో గొడవలూ పడ్డాను. ఆమె నన్ను స్నానానికి తీసుకెళ్ళాలి, దొడ్డికి తీసుకెళ్ళాలి, తర్వాత పదిమందికి వండాలి. ఒకరోజు బాత్రూములో నేను జారితే, "ఎన్నాళ్ళే ఈ చాకిరీ!" అని అరిచేసింది. నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అక్కే వచ్చి, "నోరు జారాను. చాకిరీ మాత్రం చాకిరీయే," అంది. ఇద్దరం నవ్వాం. సేవ చేసేవాళ్ళు దేవతల్లా ఉండాలని నేను ఇక అనుకోను. అలసిపోయి అరిచి, మర్నాడు మళ్ళీ నీళ్ళు కాచినవాళ్ళనే నమ్ముతాను.

ఫిబ్రవరిలో మా ఆయనకు ఫోన్ చేశాను. "నాకు గొంతొచ్చింది, అందుకే చేశా. ఇంకోసారి నా జబ్బు దెబ్బ అన్నావంటే నీతో మాట్లాడను. పాపతోనే మాట్లాడతా," అన్నాను. దానికి ఆయన, "పాప శుక్రవారం మీ అమ్మ దగ్గరికి పోయి దీపం పెడతంది. నేను పోనిస్తన్నా," అన్నాడు. క్షమాపణ అడగలేదు. దాన్నే క్షమాపణ అనుకోమని అమ్మ అంటుంది. నేనింకా అనుకోలేదు.

*మార్చి తర్వాత*

కర్రతో నడిచి పెద్దావిడ దగ్గరికి తిరిగి వెళ్ళాను. ఇప్పుడు నా పని ఆమెను చూసుకోవడం మాత్రమే. మేడమ్ ఎదురుపడితే సలాం చెబుతుంది. నాటకమన్న మాట గురించి ఇంతవరకు ఒక్క ముక్క మాట్లాడలేదు.

రోగిని చూడబోవడం మాలో ఒక విధి. దానికి బికుర్ హోలిమ్ అని పేరు. ఇష్టమైతే చేసేది కాదు, చేసి తీరాల్సింది. మార్చిలో ఒక శుక్రవారం అన్నం తింటుండగా శామ్యూలన్న ఆ మాట ఎత్తాడు. ఆసుపత్రుల్లో మన తెలుగు ఆడవాళ్ళు భాష రాక, ఎవరూ రాక పడి ఉన్నారు, నెలకు ఒకటి రెండు శుక్రవారాలు వెళ్దామన్నాడు. మా పల్లె పెద్దాయనకు ఫోన్‌లో చెబితే, మంచిదే గానీ ముందు మనవాళ్ళను చూసుకోండి అన్నాడు. నాకు రక్తం మరిగింది. "పెద్దాయనా, ఇక్కడ మనవాళ్ళు ముగ్గురమే. మేం ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటా కూర్చుంటామా? నాకు కమ్మీలు కట్టింది మనవాడా?" అన్నాను. ఆయన నవ్వాడు. "మీ తాత గొంతు నీది. పొండి," అన్నాడు.

అలా మొదలైంది. ప్రసవమై బిడ్డ దక్కని గోదావరి అమ్మాయి, చెయ్యి కాలిన ఒక వంటామె. మేం చేసింది పెద్దదేం కాదు. పక్కన కూర్చోవడం, నర్సు మాట తెలుగులో చెప్పడం, ఇంటికి ఫోన్ కలపడం, తల దువ్వడం. దువ్వి ఏమీ అడగకపోవడం.

ఏప్రిల్‌లో తెలుగు ఆడవాళ్ళ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. కడప వైపు గొంతు, మాటకు మాటకు మధ్య ఆయాసం. "నేను నిర్మలను. ఖురియాత్‌లో ఉండా. పండుకుంటే ఊపిరాడ్డంల్యా. కాళ్ళు వాసినాయి. సోమరితనమంటాండారు. ఎవురన్నా ఒక మాట సెప్పండక్కా వీళ్ళకు."

సోమరితనం. ఆ మాట విని వెంటనే శామ్యూలన్నకు ఫోన్ చేశాను. మర్నాడే శుక్రవారం, పెద్దావిడను అడిగి పొద్దుటి నుంచే సెలవు తీసుకున్నాను. అన్న కంపెనీ పికప్ అడిగి తెచ్చాడు. అక్క, నేను, నర్సింలు ఎక్కాం. గంటన్నర కొండల దారి. దారంతా నేను ఏం మాట్లాడాలో అరబ్బీలో కూడబలుక్కున్నాను. గేటు దగ్గర ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

ఇంటాయన బయటికొచ్చాడు. మీరెవరు, మా ఇంటికెందుకని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. "నిర్మల, మరీదా," అన్నాను. జబ్బు అని. జబ్బేం లేదు, పని ఎగ్గొట్టడానికి వేషాలన్నాడు. అంతే, నాకు అక్టోబరు నెలంతా కళ్ళ ముందు తిరిగింది. వీధంతా వినపడేలా అరిచాను. ఏ భాషలో అరిచానో ఎవరికీ తెలియదు. అక్క తెలుగంటుంది, నర్సింలు హిందీ అంటాడు. నా గొంతు విని లోపల నుంచి నిర్మల గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. ముప్పై దాటని పిల్ల, పెదాలు నల్లబడి ఉన్నాయి.

నేను కర్ర పారేసి ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. చీలమండ పైన బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి తీశాను. గుంట పడింది. తడి సిమెంటు మీద వేలు ఆనించినట్టు అలాగే ఉండిపోయింది, పైకి లేవలేదు.

"చూడు," అన్నాను. "ఇది వేషం వేస్తే పడుద్దా?"

తెలుగులోనే అన్నాను. ఆయన వంగి చూశాడు. తనే వేలు పెట్టి నొక్కి చూశాడు. రెండో గుంట పడింది. లేచేసరికి ఆయన ముఖంలో రంగు లేదు. లోపలికి పోయి బండి తాళాలు తెచ్చాడు. ఆసుపత్రి దాకా తనే నడిపాడు, దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి ఎలా ఉందని అడిగాడు. చెడ్డవాడు కాదు. చూడలేదంతే. నాకు అదే మింగుడు పడదు. ఒక్కసారి వంగి చూడటానికి బయట నుంచి నలుగురం వచ్చి అరవాలా?

నిర్మలకు గుండెలో కవాటం చెడిపోయింది. మస్కట్ ఆసుపత్రికి మార్చారు, ఆపరేషన్ చేశారు. బతికింది.

మేం చూడబోయిన రెండో శుక్రవారం ఆమె దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎస్తేరక్క ఆమెకు జడ వేస్తోంది. నేను స్టూలు మీద కూర్చుని నారింజ ఒలుస్తున్నాను.

"అక్కా," అంది నిర్మల. "అడగాలని ఉండాది. మీరు ఏ సంఘమోళ్ళు?"

అక్క చేతులు జడలో ఆగిపోయాయి. ఆ మాటకు మా దగ్గర అలవాటైన జవాబొకటి ఉంది, ప్రార్థన కూటంవాళ్ళమని. నోటిదాకా వచ్చింది. ఆ జవాబు వెనక ఇంకెన్నాళ్ళు దాక్కోవాలనిపించింది.

"మేం యూదులమమ్మా," అన్నాను.

నిర్మల నా చేతిలోంచి ఒక తొన అందుకుంది. "ఆ పేరుతో మా పక్క ఎవురూ ల్యారు," అంది. నారింజ తొన నోట్లో వేసుకుని, నమిలి, మళ్ళీ అంది: "నేను ఇంగోటి అనుకుంటి. ఆ పొద్దు గేటు కాడ నువ్వు అరిసిన అరుపుకు, పోలీసోళ్ళేమో అనుకుంటి."

ఎస్తేరక్క ముందు నవ్వింది. తర్వాత నేను. కుట్లు లాగుతాయని నిర్మల రొమ్ము పట్టుకుని మరీ నవ్వింది. నవ్వు తగ్గాక నా చెయ్యి పట్టుకుంది.

"మీరు ఎవురైనా కాండక్కా," అంది. "ఆ అరుపు మాత్రం ఇడిసిపెట్టొద్దు."